కళ్లు తెరిచి నిద్రపోయిన డ్రైవరు

అక్కా, నాకేమీ కాలేదు, ముందు ఆ మాట నమ్ము. డ్రైవింగ్ స్కూలు అయిపోగానే ఎక్కువ జీతమిస్తామన్న లారీ కంపెనీకే వెళ్లాను. పని చూపిస్తానని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్న సీనియర్ డ్రైవరు పట్టపగలు, కళ్లు తెరిచే నిద్రపోయాడు. లారీ రోడ్డు దిగుతుంటే నేనే స్టీరింగు లాగాను. ఆయన ఉలిక్కిపడి లేచి, "భయపడకమ్మా, ఇక్కడ అందరికీ ఇలాగే అవుతుంది," అన్నాడు. ఆ మాటకే నాకు ఒళ్లు చల్లబడింది. ఆ ఉద్యోగం వద్దనేసి, జీతం తక్కువైనా సాయంత్రానికి ఇంటికి పంపే పాల ట్యాంకరు మీద పనికి కుదిరాను.

నా స్వెట్టరు పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఆమెకు ఈ కార్డు చదివి వినిపించకు. బావకు మాత్రం చూపించు. ఆయనా లారీ మీదే కదా, అసలు ఎప్పుడు నిద్రపోతున్నాడో అడుగు. నవ్వి తప్పించుకుంటే వదలకు.

చంటిదానికి ముద్దులు.

నీ చెల్లి