అడుగున ఉన్న గీత

మంగళవారం, రోటోటూనా

మూడేళ్లుగా అందరికీ చెప్పుకొచ్చిన మాట తప్పని ఈ మధ్యాహ్నం తేలింది.

మా ల్యాబ్‌లో పరిశోధిస్తున్న ప్రోటీన్ కణకేంద్రకంలోకి వెళ్తుందనే కదా నా థీసిస్ అంతా. కంటికి కనబడాలని దానికి పచ్చగా మెరిసే చిన్న ప్రోటీన్‌ని తోకలా తగిలించాను. కేంద్రకం పచ్చగా వెలిగితే, మాది లోపలికి చేరిందని పండగ చేసుకున్నాను. ఇవాళ ప్రోటీన్లని సైజు వారీగా గీతలుగా విడదీసే జెల్ మీద చూస్తే ఒకటి కాదు, రెండు గీతలు. తోక తెగిపోయింది, అడుగున ఉన్న చిన్న గీత దానిదే. పెద్ద ప్రోటీన్‌కైతే కేంద్రకం గుమ్మం దగ్గర అనుమతి కావాలి. అంత చిన్న తోక ఎవరినీ అడక్కుండా దూరిపోతుంది. ఇన్నాళ్లూ నేను మురిసిపోయింది ఆ ఉత్త తోకని చూసి!

మా గైడ్ జూడిత్ జెల్ మీదికి వంగి చూసింది. తర్వాత మెల్లగా, "ఈ కింది గీత ఇంతకుముందెప్పుడైనా కనిపించిందా?" అంది.

"లేదు," అన్నాను. నిజమే చెప్తున్నాననుకున్నాను.

ఇంటికొస్తూ మా ఎగ్జిట్ దాటేసి ఎక్కడికో డ్రైవ్ చేసుకుంటూ పోయాను. అన్నం ముట్టకపోతే మా ఆయన కిరణ్, "సబ్మిట్ చేయకముందే తెలిసింది, నయం కదే," అన్నాడు. కాస్త ఊరట కలిగింది. తోక ఎప్పటినుంచి తెగుతోందో చూద్దామని మొదటి ఏడాది ల్యాబ్ నోట్‌బుక్ తీశాను.

అతికించిన జెల్ ఫొటోలో అదే గీత. పక్కన నా చేతిరాతే: "కింద ఏదో చెత్త. థీసిస్ ఫిగర్‌లో కత్తిరించేయాలి."

జూడిత్‌తో లేదని చెప్పేశానే…