గడ్డి కుక్కిన దుడ్డె

జహనుమా,
21 సెప్టెంబరు 2008

ప్రియమైన మైథిలి గారికి,

ముఖమైనా చూడని లావణ్య నమస్కారాలు. నేను నందు చెల్లెల్ని. 'బర్రెలకొట్టం' బ్లాగులో "మా ఇంటి రాకాసి" అని వాడు రాసేది నా గురించే. నందు దసరాకు ఇంటికి వస్తున్నాడని చదివి, ఆ రోజు మీరూ మా కొట్టం చూడటానికి వస్తానని వాడికి మెయిల్ పెట్టారు. అది చదివింది నేను. వాడి పేరుతో జవాబు రాయడానికి ఈసారి చేతులు రాలేదు. అందుకే మీరిచ్చిన మొఘల్‌పురా చిరునామాకు ఈ కాగితం.

మీరు రావద్దు. నందు రాడు. పోయిన డిసెంబరు తొమ్మిదిన పూణేలో రోడ్డు దాటుతుంటే లారీ గుద్ది చనిపోయాడు. ఆ తర్వాత బర్రెలకొట్టంలో వచ్చిన ముప్పై ఒక్క టపాలూ నేను రాసినవే. మీ వ్యాఖ్యల కింద జవాబులు కూడా.

కాల్ సెంటర్ ఉద్యోగానికి పూణే పోయే ముందు వాడికీ బాపుకీ పెద్ద లొల్లి అయింది. బర్రెల్ని అమ్మేయమని వాడు, ముందు నన్నమ్మి తర్వాత బర్రెల్ని అమ్ముకో అని బాపు. ఆ కోపంతో వాడు ఇంటికి ఫోన్ చేయడం మానేసి బ్లాగు మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్లతో మాట్లాడని పెద్దమనిషి లోకమంతటితో మాట్లాడాడు! మా అమ్మ రుక్మాబాయికి చదువు రాదు. నేను పని చేసే ఇంటర్నెట్ సెంటర్లో వాడి టపాలు ప్రింటు తీసుకొచ్చి, ఆదివారం పొద్దున అమ్మ పాలు పిండుతుంటే పక్కన కూర్చుని చదివేదాన్ని. వాడి గురించి ఆమెకు తెలిసేది అంతే.

పూణే నుంచి కబురు వచ్చేనాటికి అమ్మకు గుండె ఆపరేషన్ అయి పన్నెండు రోజులు. గట్టి దెబ్బ ఏదీ తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మేనత్త ఆండాలును అమ్మ దగ్గర ఉంచి, ఆపరేషన్ మొక్కు తీర్చడానికి యాదగిరిగుట్టకు పోతున్నామని చెప్పి, బాపూ నేనూ పూణే రైలెక్కాం. అక్కడే దహనం చేశాం. తిరుగు రైల్లో బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అమ్మకు జెప్తె ఇద్దరు పోతరు. ఇంట్ల నోరు ఇప్పకు. నా మీద ఒట్టు," అన్నాడు. గుండు చేయించుకున్న తలకు తువ్వాల చుట్టుకుని ఇల్లు చేరాడు. దినాలు లేవు, ఏడుపు లేదు. మర్నాడు పొద్దున మామూలుగానే పాలు పోయడానికి పోయాడు.

ఆ ఆదివారం అమ్మ మంచంలోంచి నా వైపు చూసింది. ఏమీ అడగలేదు. ఆ చూపుకు తట్టుకోలేక, వాడికి పనెక్కువైందట అన్నాను. పై వారానికి నేనే రాశాను. పాస్‌వర్డు మా లచ్చిబర్రె పేరే, వాడికి తెలుగు టైపింగు నేర్పింది నేనే, వాడు ఎక్కడ నవ్విస్తాడో ఎక్కడ మాట మింగేస్తాడో నాకు కంఠతా వచ్చు. అంతకు ముందు వారానికోసారి "గా పోరనికి ఫోన్ కలుపు" అని సతాయించే అమ్మ, ఆ తర్వాత ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నా రాతల మహిమ అనుకుని పొంగిపోయాను కూడా.

వాడి మొదటి టపా మీకు గుర్తుండే ఉంటుంది. దుడ్డె చచ్చిపోతే బర్రె పాలు చేపదు. అందుకని దాని తోలులో గడ్డి కుక్కి, కుట్టి, తల్లి ముందు నిలబెడతారు. అది నాకుతుంది, పాలు దిగుతాయి. చిన్నప్పుడు అది చూసి అన్నం మానేశానని రాశాడు. "తల్లిని ఇలా మోసం చేస్తారా?" అని మీరు మొదటి వ్యాఖ్య పెట్టారు. ఈ వానాకాలం లచ్చి దుడ్డె చచ్చింది. బాపు మళ్లీ గడ్డి కుక్కాడు. ప్రతి ఆదివారం దాని పక్కన కూర్చుని నేను అమ్మకు నా రాతలు చదువుతున్నాను. మీ ప్రశ్న ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఇక దసరా సంగతి. రాస్తూ రాస్తూ నేనే వాణ్ని మరిచిపోయాను, అంటే వాడు పోయిన సంగతి మరిచిపోయాను. "దసరాకు ఇంటికొస్తున్నా" అని రాసేశాను. నాకే వాడు రావాలనిపించింది, అంతే. అది చదువుతుంటే పిండుతున్న అమ్మ చేతులు కాసేపు ఆగాయి. అప్పుడు తెలిసింది ఏం చేశానో. ఏదో సాకు చెప్పి వాయిదా వేస్తాను. మీరు మాత్రం రాకండి, వ్యాఖ్యల్లో కూడా ఒక్క మాట జారనివ్వకండి. గల్లీలో చదివేవాళ్లు ఉన్నారు. మా అమ్మ ప్రాణం మీ చేతుల్లో పెడుతున్నాను.

మీ
లావణ్య

మొఘల్‌పురా,
27 సెప్టెంబరు 2008

లావణ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. తప్పు చేశాను. ఫైళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే, పక్క సీటు భరద్వాజ్ గారు పంటి నొప్పా అని అడిగారు. అవునన్నాను.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. మార్చిలో నేను నందుకు రాసిన మెయిల్ నీకు గుర్తుండాలి. మా నాన్నగారు కుదిర్చిన రఘురామ్ సంబంధం నాకు ఇష్టం లేదని, ఎవరికీ చెప్పుకోలేనిది అతనికి చెప్పుకున్నాను. "ఇష్టం లేని ముద్ద మింగితే అరగదండీ" అని జవాబు వచ్చింది. ఆ ఒక్క మాట పట్టుకుని నాన్నగారికి ఎదురు నిలబడ్డాను, నిశ్చయం అయిన పెళ్లి ఆపాను. అప్పటికి ఆ మనిషి పోయి మూడు నెలలు! నేను ఎవరిని నమ్మినట్టు? నందు అంటే నాకు ఇష్టం. ఇంకా చెప్పాలంటే, ఆ ఇష్టం చెప్పడానికే దసరాకు వద్దామనుకున్నాను. ఇప్పుడు అందులో అతనెంతో, నువ్వెంతో విడదీసుకోలేక చస్తున్నాను.

మీ అమ్మగారికి చెప్పు. ఆపరేషన్ అయి పది నెలలైంది. కొడుకు కోసం ఏడ్చే హక్కు ఆవిడది, దాన్ని దాచిపెట్టడానికి మీరెవరు? దసరాలోగా నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి చెబుతాను. బెదిరింపు అనుకున్నా సరే.

మైథిలి

జహనుమా,
12 అక్టోబరు 2008

మైథిలక్కా,

అక్కా అన్నందుకు ఏమీ అనుకోకండి. దసరా పొద్దున మీ ఉత్తరం చున్నీ కొంగుకు ముడేసుకుని కొట్టంలోకి పోయాను. అమ్మ లచ్చి దగ్గర కూర్చుని ఉంది. "అమ్మా, నందు..." అన్నాను.

అమ్మ తల తిప్పలేదు. "ఇయ్యాల కాయిదం తేలేదా?" అంది.

"తేలేదు."

"మంచిగైంది. గిట్ల కూసో." కాసేపు పిండింది. "మీ బాపు గుట్ట నుంచి గుండుతోని వచ్చిండు. చేతుల ప్రసాదం లేదు. గుట్టకు పోయినోడు పులిహోర, లడ్డు లేకుంట వస్తడా? ఆ గుండు దేవునికి ఇచ్చింది గాదని నాకు గప్పుడే సమజైంది. నాకున్నది ఒక్కడే కొడుకు."

పది నెలలు, అక్కా. రైలు దిగి వచ్చిన ఆ రోజు నుంచీ ఆమెకు తెలుసు. "మరి అడగలేదేందమ్మా?" అన్నాను.

"అడిగితే మీరు చెప్తరు. చెప్తే వాడు సచ్చినట్టే గద." చెంబు పక్కన పెట్టి లచ్చి మెడ నిమిరింది. "దీనికి తెల్వదనుకున్నవా? మొదటి రోజే వాసన సూసి ఎరుక చేసుకుంటది, తన బిడ్డ గాదని. అయినా నాకుతది. నాకకుంటే పాలు దిగవు, పొదుగు గట్టిపడి అదే సస్తది. నువ్వు సదువుతుంటే నేను గట్లనే ఇన్న. మీ బాపు సుత నన్ను కాపాడుతున్న అనే ఫికర్‌తోని లేసి తిరుగుతుండు. గది గుంజుకుంటే కూలవడ్తడని ఊకున్న."

నేను ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. నా గదవ పట్టి తల పైకెత్తింది. "గని దసరాకు వస్తడని రాసినవు సూడు, గది తప్పు బిడ్డా. గడ్డి దుడ్డెను నిలబెడ్తం గని, అది అరుస్తదని ఎవ్వలు చెప్పరు. ఇగ సాలు. ఎట్ల పోయిండో, ఏడ కాలవెట్టిండ్రో, అంత రాసుకొచ్చి సదువు. నా కొడుకు కోసం నేను ఏడ్వాలె."

గడప మీద కూర్చుని నోటుబుక్కులో రాశాను. లారీ సంగతి, వాడి గదిలో దొరికిన చెప్పుల సంగతి, బాపు బూడిద నీళ్లలో కలిపేటప్పుడు వాణ్ని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచిన సంగతి. ఒక్కటీ దాచలేదు. చదువుతుంటే అమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. గల్లీ అంతా వచ్చింది. సగంలో తలెత్తితే గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని బాపు వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. మోపు దించి, లచ్చి ముందు నుంచి గడ్డి దుడ్డెను తీసుకుని బయటికి పోయాడు. కంట నీరు పెట్టలేదు. రెండు రోజులు అలాగే ఉన్నాడు. ఆయన కోసమే భయమేసింది నాకు.

అమ్మకు చదివిందే దసరా మర్నాడు బర్రెలకొట్టంలో నా పేరుతో పెట్టాను. కింద ఏం వ్యాఖ్యలు వచ్చాయో ఇంకా చూడలేదు, తిట్టేవాళ్లు తిట్టనీ. మీకు మాత్రం ఒకటి చెప్పాలి. ఆ ముద్ద మాట నాది కాదు, నందుది కూడా కాదు. అన్నం దగ్గర మారాం చేస్తే అమ్మ మా ఇద్దరికీ చెప్పిన మాట. వాడుంటే వాడూ మీకు అదే రాసేవాడు. ఇది నన్ను క్షమించడానికి సరిపోతుందో లేదో నాకు తెలియదు.

నిన్న బాపు చెప్పకుండా పొద్దున్నే పోయాడు. సాయంత్రం దాకా రాలేదు. అమ్మా నేనూ వాకిట్లోనే కూర్చున్నాం. దీపాలు పెట్టే వేళకు నడిచి వచ్చాడు, చేతిలో విస్తరాకు పొట్లం. అమ్మ ముందు పెట్టి, "గుట్ట ప్రసాదం," అన్నాడు. అమ్మ పొట్లం విప్పింది. పులిహోర ముద్ద చేసి ముందు ఆయన నోట్లోనే పెట్టింది. అప్పుడు ఏడ్చాడు మా బాపు.

పులిహోర ఆగదు. మీ సంగతీ అమ్మకు చెప్పాను, లడ్డు మీ కోసం ఉంచమంది. వచ్చే ఆదివారం రండి.

మీ
లావణ్య