మామ్మ ఎరిగిన మంచు

డిసెంబర్ 3, బుధవారం

పొద్దున్నే ఆశ్చర్యం. అన్నయ్య కొన్న పాత స్పోర్ట్స్ కారుకి జపాన్ మంచు టైర్లున్నాయట. ఆ మెత్తటి రబ్బరుకి మన ఎండ రోడ్ల మీద బ్రేకు నిలవదని, మార్చెయ్యమని తాకేటా పేటలోని మెకానిక్ కో జో చెప్పాడు.

మామ్మ వింటేనా! "మంచు టైర్లు తీసేత్తారేటిరా? మీ తాత బోటాటౌంగ్ రేవుకెళ్తా మంచులోనే సైకిలు జారి పడిపోనాడు. ఉంచు!"

మామ్మ మాట అన్నయ్య కాదనడు. శనివారం హైవే ఎక్కుతాడు.

తలకి తువ్వాలు చుట్టుకుని తాత ఆ తెల్లటి పొగమంచులోంచి నవ్వుతూ రావడం గుర్తొచ్చింది. మా ఇంట్లో మంచంటే అదే. గడ్డకట్టేదానికీ అదే మాట కావడం ఎంత ముద్దొచ్చిందో అంత భయమూ వేసింది.

రేపు పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి ఐసుముక్క తీసి మామ్మ అరచేతిలో పెడతాను. ఆ టైర్లు ఈ మంచుకే మామ్మా అని చెబుతాను.