ఫ్లైఓవర్ ఎక్కేటప్పటి చప్పుడు

బుధవారం.

కోడలు సుజాత కొత్తగా కారు నేర్చుకుని ఇంజన్ పాడుచేసిందని నిన్న ఇక్కడే రాశాను. తప్పు. మా అబ్బాయి రమేశ్ మాట నమ్మి రాశాను. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని, పరీక్షించకుండానే! మనవరాలిని బడికి దింపడానికి కూడా వాడు వారం నుంచి ఆమెకు కారు ఇవ్వడం లేదు.

ఇవాళ మొఘల్‌పురా మెకానిక్ గౌస్ భాయ్ ఫ్లైఓవర్ మీద వచ్చే ఆ చప్పుడేమిటో వినడానికి మాతోపాటు కారెక్కాడు. సుజాత నడిపితే ఫ్లైఓవర్ పైదాకా చప్పుడే లేదు. రమేశ్ నడిపితే సగం ఎక్కగానే ఇంజన్ టకటకమంది.

"చడావ్ ఎక్కంగ నాలుగో గేర్ల తొక్కితే ఇంజన్ కొట్టుకోదా సార్? గేర్ దించుండ్రి, బస్, గంతే," అన్నాడు గౌస్ భాయ్.

"పెట్రోల్ మిగుల్తదని, భాయ్..."

"మిగిలిన పెట్రోల్ అమ్మి కొత్త ఇంజన్ కొనుక్కో బిడ్డా," అన్నాను. సుజాత కిటికీవైపు తిరిగి నవ్వుకుంది.

గేరు దించాడు, చప్పుడు ఆగింది. ఇంటికొచ్చాక తాళంచెవి మాత్రం మళ్లీ తన జేబులోనే వేసుకున్నాడు. అదే నాకు నచ్చలేదు...

రేపు దుకాణాలు తెరిచే వేళకు తాళంచెవి వాడినడిగి తీసుకుని, పత్తర్‌గట్టిలో ఇంకోటి చేయించాలి. వెళ్లేటప్పుడు కారు సుజాతనే నడపమనాలి.