క్రేన్ అక్కర్లేదు అన్నయ్యా

ఊల్విక్, మే 9

తూర్‌గైర్ అన్నయ్యకు,

శనివారం నువ్వు క్రేన్ మాట్లాడుకుని రానక్కర్లేదు. పడవలోంచి ఇంజిన్ బయటికి వచ్చేసింది.

నువ్వొచ్చేదాకా ఆగలేక, నిన్న నేనొక్కదాన్నే పెరట్లో బండి మీదున్న పడవకు పైగా మూడు దుంగల కొనలు కలిపి నిలబెట్టి, తాడు కట్టి లాగడం మొదలుపెట్టాను. తిట్టకు. ఇంజిన్ జానెడు లేచి ఊగిందో లేదో, కంచె అవతలి నుంచి కేక వినిపించింది.

"ఆపండి, ఆపండి! ఆ తాడు తెగిందంటే పడవకి అడుగే మిగలదు!"

పక్కింటి హాల్వర్! మా వైపు వాలిన వాళ్ల చెర్రీ కొమ్మలు నరికించానని ఆరేళ్లుగా నా ముఖం చూడని మనిషి, బరువులెత్తే చైన్ పుల్లీ పట్టుకుని కంచె దాటి వచ్చేశాడు. మూడు వందల కిలోల ఇనుమును ఇద్దరం అంగుళం అంగుళం పైకెత్తాం. అది గాలిలో వేలాడుతుండగా పడవను బండితో సహా ముందుకు తోసి, ఇంజిన్‌ను పాత టైర్ల మీదికి దించాం. నేను గడ్డి మీద చతికిలబడ్డాను. అతను మాత్రం ఈల వేస్తున్నాడు.

కాఫీ ఇస్తూ, "ఆరేళ్లు మాట్లాడలేదేం?" అని అడిగేశాను.

"మీరు మాత్రం పలకరించారా?" అన్నాడు, మూడో వాఫిల్ అందుకుంటూ.

ఇంజిన్ బాగుచేసి మళ్లీ ఎక్కించడానికి రెండు నెలలు పడుతుందట. రోజూ సాయంత్రం వస్తానన్నాడు.

తొందరేమీ లేదన్నాను.

నీ చెల్లెలు