వదిన తెచ్చిన క్యారేజీ

మండపేట,
శుక్రవారం.

ప్రియమైన అన్నయ్యకు,

ఆ రోజు ఏం జరిగిందో ముందు వరసగా రాస్తాను.

ఉదయం ఆరింటికి మెర్సీకి మెలకువ వచ్చింది. రెండు చెంచాల నీళ్ళు తాగింది. తొమ్మిదింటికి డాక్టరు చూసి, ఇక పథ్యం ఏమీ లేదు, అడిగింది పెట్టండి అన్నారు. "లోవమ్మక్క చేసే చేపల పులుసు ఉంటే బాగుణ్ణు" అంది. నర్సు చేత మీ ఇంటికి ఫోను చేయించింది. పన్నెండున్నరకి లోవమ్మ వదిన క్యారేజీతో కాకినాడ ఆస్పత్రికి వచ్చింది. రెండూ పదికి మెర్సీ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. పులుసు తినలేదు.

ఎందుకు తినలేదో నీకు తెలియదు. వదినకూ సగమే తెలుసు.

వదినను నేను వరండాలోనే ఆపాను. ముందు వారమే మీ ఊళ్ళో అమ్మవారి జాతర అయింది. "ఇది అక్కడ పెట్టి తెచ్చిందా?" అని అడిగాను.

"పడవెక్కే ముందు గంగమ్మకి దండం పెట్టుకుంటాం మరిదీ. చేపల పులుసు అమ్మవారికి ఎవరు పెడతారు?" అని నవ్వింది.

నేను నవ్వలేదు. చర్చిలో సంఘపెద్దను. విగ్రహాలకు పెట్టింది మేం ముట్టం అన్నాను. క్యారేజీ తిరిగి ఆమె చేతికే ఇచ్చాను. "పోనీ, ఓసారి పిల్లని చూసి పోతాను" అంది. నిద్రపోతోంది, లేపకూడదు అన్నాను.

మెర్సీ నిద్రపోవడం లేదు. నేను లోపలికి వెళ్ళేసరికి తలుపు వైపే చూస్తోంది.

"పులుసు వాసన వస్తోంది. అక్క వచ్చిందాండీ?"

"రాలేదు" అన్నాను.

"బస్సు దొరకలేదేమో పాపం" అంది. తర్వాత ఇంకేం మాట్లాడలేదు.

పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన భార్యకు నేను చెప్పిన ఆఖరి మాట అది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అన్నం తింటున్నాను. కాలేజీకి వెళ్ళి ఫిజిక్స్ చెబుతున్నాను. ఆదివారం పాస్టరు గారు నన్ను చూపించి, దుఃఖంలోనూ విశ్వాసంలో నిలబడ్డ మనిషి అన్నారు. తల వంచుకుని కూర్చున్నాను.

సమాధుల తోట దగ్గర నువ్వు గేటు బయటే నిలబడ్డావు. మా వాళ్ళెవరూ రమ్మనలేదు. నేనూ రమ్మనలేదు. వానకి గోతిలో ఊట వచ్చి మోకాలి లోతు నీళ్ళు చేరాయి. పెట్టె దింపడానికి లేదు. మేం గొడుగుల కింద పాట పాడాం. పాట అయిపోయింది. ఏం చేయాలో తోచక మళ్ళీ మొదటినుంచి పాడాం. అప్పుడు నువ్వు లోపలికొచ్చి, లుంగీ ఎగ్గట్టి గోతిలోకి దిగావు. పడవలో చేరిన నీళ్ళు తోడినట్టే తోడావు.

"ఒరే రమణా, గొడుగు పారేసి బకెట్ అందుకోరా! నీళ్ళలో పడుకోబెడతావేంటి పిల్లని?"

బాప్తిస్మం పొంది విజయ్ పాల్‌నయ్యి ఇరవై రెండేళ్ళు. రమణా అని నన్ను ఇంకా పిలిచేది నువ్వొక్కడివే. బకెట్ అందుకున్నాను. ఎన్నిసార్లు అందుకున్నానో తెలియదు. చివర్లో నీ తుండుగుడ్డ తీసి అడుగున పరిచావు.

ఇన్నేళ్ళూ రోజూ సాయంత్రం ప్రార్థనలో, మా అన్నయ్య ఇంటివాళ్ళ కళ్ళు తెరువు ప్రభువా అని అడిగాను. మెర్సీ ఆమేన్ ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా వచ్చేది. ఎందుకని అడగలేదు. శిష్యుల కాళ్ళు కడిగిన ప్రభువు గురించి నేను ఎన్నో ఆదివారాలు మాట్లాడాను. ఆ బురదలో నీ కాళ్ళు చూశాక, ఆయన్ని నేను ఇంతవరకు చూడనేలేదని తెలిసింది. నిన్న మోకరించి అదే ప్రార్థన చేశాను. పేరు మాత్రం నాది పెట్టాను.

ఆయన్ని వదిలిపెట్టను. ఆయన్ని పట్టుకునే నీ గుమ్మంలోకి రావాలనుకుంటున్నాను. అక్క వచ్చిందా అని మెర్సీ అడిగిందని వదినకు తెలియాలి. రాలేదని నేను అబద్ధం చెప్పానని కూడా తెలియాలి. ఆ తర్వాత ఆమె ఏమన్నా వింటాను.

ఫోనులో చెబితే సగంలోనే నువ్వు "పోన్లేరా" అంటావు. అందుకని రాశాను. ఇది పోస్టు చేయను. రేపు ఉదయం ఐదున్నర బస్సుకి కాకినాడ వచ్చి, అక్కడినుంచి ఆటోలో ఉప్పాడ వస్తాను. వదిన ఎదురుగా కూర్చుని, ఈ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా నేనే చదివి వినిపిస్తాను.

నీ తమ్ముడు,
విజయ్ పాల్