సున్నం కింద సైనికులు

నవంబరు 2, రాత్రి

గెలిచాం! నాంపల్లి సమాధుల తోటలో సైనికుల స్తంభానికి ఈసారి సున్నం పడలేదు. బ్రిటిష్ కాలంలో సరిహద్దు కొండల మీదికి దండయాత్రకు వెళ్లి చనిపోయినవాళ్ల పేర్లు, ఏటా సమాధుల పండుగకు గౌరవంగా వేసిన సున్నం కిందే పూడిపోయాయి. నేనూ పక్కింటి మరియక్కా వారమంతా వెదురు పుల్లలతో గీకి బయటికి తీశాం.

పొద్దున కాపలాదారు యాదయ్య సున్నం బకెట్‌తో వచ్చాడు. "పండుగ పూట గిట్ల బోసిగ ఉంచుతరా అమ్మా?"

పేర్లూ వయసులూ చదివి వినిపించాను. "అందరు మా పిల్లగాని ఈడోళ్లేనా!" అని బకెట్ దించేశాడు.

ఇక తమవాళ్ల సమాధులకు వచ్చినవాళ్లంతా అక్కడా ఓ కొవ్వొత్తి వెలిగించారు. మేం అబిడ్స్‌లో కొన్న కొవ్వొత్తుల పెట్టెలన్నీ ఖాళీ! వచ్చే ఏడు యాదయ్య ఉంటాడో, రిటైరవుతాడో… కొత్తవాడొస్తే మళ్లీ సున్నమేనేమో.

పొద్దుగూకినా యాదయ్య గేటు మూయలేదు. "జర ఉండనియ్యమ్మా. ఇన్నేండ్లకు గాళ్లకు చుట్టాలొచ్చిన్రు."